పద్నాలుగు రోజులా, ఇరవై నాలుగు రోజులా?

2015 మే నెల మొదటి ఆదివారం ఉదయం టీవీలో బాక్సర్లు ఫ్లాయిడ్ మేవెదర్, మానీ పాకియావ్ లాస్ వేగాస్‌లో తలపడడం చూస్తున్నప్పుడు నాకు కలిగింది ఉత్సాహం కాదు, నిట్టూర్పు. పన్నెండు రౌండ్లలో ఎవరూ నేలకొరగలేదు, ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌కే మొగ్గారు. అప్పటికి ఒకరి వయసు 38, మరొకరిది 36. నిజానికి ఈ పోటీని 2010 మార్చి 13న జరపాలనుకున్నారు. ఐదేళ్లు ఎందుకు పట్టిందని అడిగితే అభిమానులు చెప్పే జవాబు ఒక్కటే: ఫలానావాడు భయపడ్డాడు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. ఆ బేరాల వివరాలు ఒక్కొక్కటిగా చదివాక నా అభిప్రాయం మారింది. భయం ఉన్నదో లేదో తేల్చలేము గాని, ఆలస్యమైనకొద్దీ ఎవరి చేతికి ఎంత వస్తుందన్న లెక్క మాత్రం స్పష్టంగానే కనిపిస్తుంది.

2009 నవంబరులో పాకియావ్ మిగెల్ కాటోను ఓడించగానే బేరం మొదలైంది. అందరూ కష్టమనుకున్న అంశం, అంటే డబ్బు, సులువుగానే తేలిపోయింది: చెరి సగం. బరువు 147 పౌండ్ల పరిమితి దాటితే పౌండుకు కోటి డాలర్ల జరిమానా అన్న షరతు కూడా కుదిరింది. చిక్కు వచ్చింది ఉత్ప్రేరకాల వాడకాన్ని పట్టుకునే రక్తపరీక్ష దగ్గర. ఒలింపిక్స్ తరహాలో ఏ రోజైనా, ముందు చెప్పకుండా రక్తం తీసుకోవాలని మేవెదర్ పక్షం పట్టుబట్టింది. పోటీ దగ్గరపడ్డాక రక్తం ఇస్తే నీరసపడతానని పాకియావ్ అన్నాడు. 2005లో ఎరిక్ మొరాలెస్ చేతిలో ఓడిపోవడానికి అదే కారణమని అతని నమ్మకం. మాటామాటా పెరిగి, తనపై ఉత్ప్రేరకాల నింద వేశారంటూ అతను పరువునష్టం దావా కూడా వేశాడు. డేనియల్ వైన్‌స్టీన్ అనే విశ్రాంత న్యాయమూర్తి మధ్యవర్తిగా కూర్చున్నారు. పాకియావ్ పోటీకి 24 రోజుల ముందు వరకు రక్తం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, మేవెదర్ 14 రోజుల వరకు దిగివచ్చాడు. మిగిలిన తేడా పది రోజులు. ఆ పది రోజుల దగ్గర ఇద్దరికీ కోట్ల డాలర్లు తెచ్చే పోటీ ఆగిపోయింది.

పది రోజుల కోసం అంత సొమ్ము వదులుకున్నారా అని అప్పట్లో ఆశ్చర్యపోయాను. అయితే వారు వదులుకున్నదేమిటో ఒకసారి చూడండి. పాకియావ్ అదే మార్చి 13న జాషువా క్లాటీతో, మేవెదర్ మే 1న షేన్ మోస్లీతో ఆడారు. ఇద్దరూ గెలిచారు, ఇద్దరికీ భారీ పారితోషికాలే ముట్టాయి. పెళ్లి చూపులు చెడినా ఇరువైపులా వేరే సంబంధాలు సిద్ధంగా ఉన్నప్పుడు పంతం వదులుకునే తొందర ఎవరికీ ఉండదు.

పైగా ఇది ఇద్దరు మనుషుల మధ్య బేరం కాదు. పాకియావ్ ప్రమోటరు, అంటే అతని పోటీలు కుదిర్చి నడిపించే వ్యాపారి, బాబ్ ఆరమ్ ఒకప్పుడు మేవెదర్‌కూ ప్రమోటరే. 2006లో ఏడున్నర లక్షల డాలర్లు చెల్లించి మేవెదర్ ఆ ఒప్పందం నుంచి బయటపడ్డాడు. ఇక ఆరమ్‌తో కూర్చుని మాట్లాడే ఉద్దేశం అతనికి లేదు. 2012 జనవరిలో నేరుగా పాకియావ్‌కే ఫోన్ చేసి, నాలుగు కోట్ల డాలర్లు ఇస్తానన్నాడు, కాని పే-పర్-వ్యూ (ఆ ఒక్క పోటీని టీవీలో చూడటానికి ప్రేక్షకులు విడిగా కట్టే డబ్బు) రాబడిలో వాటా ఉండదన్నాడు. పాకియావ్ కాదన్నాడు. 2013లో మేవెదర్ షోటైమ్ టీవీ చానల్‌తో ఒప్పందం చేసుకోవడంతో, దాని పోటీ చానల్ హెచ్‌బీఓతో ఉన్న పాకియావ్‌కు అతనికీ మధ్య ఇంకో గోడ లేచింది. చివరకు 2015 జనవరిలో మయామీలో ఒక బాస్కెట్‌బాల్ ఆట చూడటానికి వెళ్లి ఇద్దరూ అనుకోకుండా ఎదురుపడి ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. షోటైమ్ మాతృసంస్థ అధిపతి పూనుకున్నారు, రెండు చానళ్లూ కలిసి ప్రసారం చేయడానికి ఒప్పుకున్నాయి, రక్తపరీక్షల షరతుకూ పాకియావ్ తలూపాడు. వాటా మేవెదర్‌కు 60, పాకియావ్‌కు 40.

చెరి సగం నుంచి నలభై శాతానికి దిగడం పాకియావ్‌కు ఓటమిలా కనిపిస్తుంది. కాని పే-పర్-వ్యూ కొనుగోళ్లు 46 లక్షల వరకు వెళ్లాయి. అంతకు ముందు రికార్డు 2007లో మేవెదర్, ఆస్కార్ డి లా హోయా పోటీది, సుమారు 24 లక్షలు. పాకియావ్‌కు పది కోట్ల డాలర్లకు పైగా ముట్టాయి, మేవెదర్‌కు ఇరవై కోట్లు దాటాయి. ఐదేళ్ల నిరీక్షణే ఆ ఆసక్తిని అంతగా పెంచింది. నష్టపోయింది, ఇద్దరూ మంచి ఊపుమీద ఉన్నప్పుడు చూడాలనుకున్న మనమే. మన నష్టానికి బేరంలో ఎవరూ ఖరీదు కట్టరు.

అలాగని ఆగడం ఎల్లప్పుడూ లాభం కాదు. 2012 డిసెంబరులో హువాన్ మాన్యువెల్ మార్కెజ్ ఒక్క దెబ్బతో పాకియావ్‌ను పడగొట్టినప్పుడు ఈ బేరం శాశ్వతంగా ముగిసినట్టే అనిపించింది. హెవీవెయిట్ బాక్సర్లు టైసన్ ఫ్యూరీ, ఆంథొనీ జాషువాల విషయంలో ఈ ప్రమాదం నిజమే అయింది. 2021 మే నెలలో, ఆగస్టు 14న సౌదీలో తలపడుతున్నామని ఫ్యూరీ ప్రకటించాడు. మరునాడే మధ్యవర్తి తీర్పు వచ్చింది: పాత ఒప్పందం ప్రకారం డియాంటే వైల్డర్‌తో మూడో పోటీ ఆడి తీరవలసిందే. తీర్పు చెప్పినవారు ఆ వైన్‌స్టీనే కావడం ఒక చిత్రం. సెప్టెంబరులో జాషువా ఒలెక్సాండర్ ఉసిక్ చేతిలో ఓడి ప్రపంచ ఛాంపియన్ బెల్టులు పోగొట్టుకున్నాడు. పీటల మీద ఆగిన పెళ్లి అంటే ఇదే.

ఇంత గందరగోళానికి మూలం, ఎవరు ఎవరితో ఆడాలో శాసించే ఒకే సంస్థ ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో లేకపోవడం. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు: దేని బెల్టు దానిదే, ఛాంపియన్ తలపడక తప్పని ఛాలెంజరు కూడా దేనిది దానిదే. అమెచ్యూర్ బాక్సింగ్‌లో డ్రా తీస్తారు, ప్రత్యర్థి ఎవరైతే వారితో ఆడాలి. అక్కడా తగాదాలు లేకపోలేదు: మేరీ కోమ్‌తో ట్రయల్స్ పెట్టమని మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2019లో క్రీడామంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. అయితే తట్టడానికి ఒక తలుపంటూ ఉంది. ఆ డిసెంబరులోనే ట్రయల్స్ జరిగాయి, మేరీ కోమ్ గెలిచింది.

మళ్లీ ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు వస్తే, 2023లో ఉసిక్‌తో పోటీకి వాటా తనకు 70, అతనికి 30 అని ఫ్యూరీ అంటే, ఉక్రెయిన్‌కు ఫ్యూరీ పది లక్షల పౌండ్లు విరాళమివ్వాలన్న షరతుతో ఉసిక్ ఆ ముప్పై శాతానికీ సరేనన్నాడు. అయినా రీమ్యాచ్‌లో వాటాల దగ్గర బేరం తెగిపోయింది. అంటే ఇంకా జరగని పోటీ తరవాతి పోటీ గురించి తగువు! 2024 మే 18న రియాద్‌లో వారి పోటీ ఎట్టకేలకు జరిగిందంటే, టికెట్లు, పే-పర్-వ్యూ రాబడి లెక్కలతో నిమిత్తం లేకుండా ఇద్దరూ కాదనలేనంత డబ్బు సౌదీ ఇవ్వడమే కారణం. ఆ డబ్బు చుట్టూ ఉన్న రాజకీయం నాకు నచ్చదు, కాని అప్పటివరకు కదలని బేరాలు దానివల్ల కదిలాయన్నది కాదనలేను.

మళ్లీ 2015కే వస్తాను. ఫిబ్రవరి 20న మేవెదర్ సంతకాలైన ఒప్పందాన్ని లోకానికి చూపించాడు. అయినా ఎవరికి ఎన్ని టికెట్లన్న తగువు ఏప్రిల్ వరకు సాగి, పోటీకి తొమ్మిది రోజుల ముందు మాత్రమే అవి అమ్మకానికి వచ్చాయి. అందుకే ఇప్పుడు ఏ పెద్ద పోటీ ఖాయమైందన్న వార్త కనిపించినా, నేను ముందుగా టికెట్లు అమ్ముతున్నారో లేదో చూస్తాను.