పీఠిక కింద ఆ తేదీ

"అమ్మా, తప్పు ప్రింటయింది చూడు" అంటూ మా పాప సోషల్ బుక్కు పట్టుకుని వంటింట్లోకొచ్చింది, నేను పెసరట్టు తిరగేస్తున్నా. రాజ్యాంగం పీఠిక చివర్న 1949 నవంబర్ 26 అని ఉన్నచోట వేలు పెట్టి, రిపబ్లిక్ డే జనవరిలో కదా అంటోంది.

తప్పు కాదు నాన్నా, రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించింది ఆ రోజు, 1930లో పూర్ణ స్వరాజ్ దినం జరుపుకున్న తేదీ అని 1950 జనవరి 26 దాకా ఆగి పూర్తిగా అమల్లోకి తెచ్చారు అని చెప్పా. రాయడానికి దాదాపు మూడేళ్లు పట్టింది మరి, మధ్యలో దేశం రెండు ముక్కలైంది, గాంధీగారిని చంపేశారు, అయినా ఆ సభలోవాళ్లు ఒక్కో మాట మీద వాదించుకుంటూ కూర్చున్నారు. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది నాకు.

మన నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారు కూడా ఆ సభలో ఉన్నారే అన్నా.

"నిడుబ్రోలా? అమ్మమ్మ వాళ్లూరికెళ్తుంటే వచ్చేదా?"

అదే. ఈ దేశంలో అసలైన మైనారిటీలు మామూలు జనమే అని ఆ సభలో లేచి చెప్పిన మనిషి. మన రాజమండ్రి దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారూ ఉన్నారు, అంతమందిలో ఆడవాళ్లు 15 మందే.

అట్టు మాడు వాసనొస్తోంది. అది మాత్రం "ప్రజలమైన మేము" దగ్గర్నించి మళ్లీ పైకి చదువుతోంది, స్టవ్ ఆపేసి పక్కనే కూర్చున్నా.