ఎయిర్ రైఫిల్‌కి ఇంట్లో గాలి నింపుకోవడం: చెయ్యి పంపునే ఎందుకు ఎంచుకున్నాం

మా పాప ఇంటర్ చదువుతూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. మొదట్లో కోచ్ సార్ దగ్గరున్న రైఫిల్‌తోనే కాల్చేది. సొంతది కొనాలనుకున్నాక నేను ఎవరిని అడిగినా రైఫిల్ గురించే చెప్పారు. ఏ కంపెనీ మంచిది, భుజానికి ఆనించే బట్ ఎలా ఉండాలి, గురి చూసే సైట్ ఏది అని. దాంట్లోకి గాలి ఎక్కడినుంచి తెస్తారమ్మా అని మాత్రం ఎవరూ అడగలేదు. కర్నూలు లాంటి ఊళ్ళో ఉండి పిల్లల్ని ఈ ఆటలో పెట్టాలనుకునేవాళ్ళు రైఫిల్ కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదేనని నాకు అర్థమైంది.

పోటీల్లో వాడే ఇప్పటి ఎయిర్ రైఫిళ్ళలో గాలిని నొక్కే స్ప్రింగ్ ఉండదు. బారెల్ కింద ఒక సన్నని సిలిండర్ ఉంటుంది. అందులో 200 బార్ వరకు గాలి నింపుతారు. బార్ అంటే ఒత్తిడికి కొలత. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. అంటే టైరు కంటే దాదాపు వంద రెట్ల ఒత్తిడి. పెట్రోలు బంకులో గాలి మెషిన్ దీనికి ఎందుకూ పనికిరాదు.

మా ముందు మూడు దారులు ఉన్నాయి. పెద్ద సిలిండర్ కొని అందులోంచి రైఫిల్‌కి ఎక్కించుకోవడం, కరెంటు కంప్రెసర్, చెయ్యి పంపు.

పెద్ద సిలిండర్ మీదే మొదట మనసు పడింది. వాల్వు తిప్పితే క్షణాల్లో నిండుతుంది, చెమట పట్టదు. కానీ నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే మనిషిని. కాగితం మీద లెక్క వేసి చూశాను. గాలి ఎక్కువ ఒత్తిడి నుంచి తక్కువ ఒత్తిడికి పోతుంది, రెండూ సమానం కాగానే ఆగిపోతుంది. 200 బార్ సిలిండర్ తెచ్చుకుంటే మొదటిసారి నింపినప్పుడే రైఫిల్‌కి 200 రాదు, ఆ తర్వాత ప్రతిసారీ ఇంకొంచెం తగ్గుతూ పోతుంది. 300 బార్‌ది అయితే చాలాకాలం బాగా పనిచేస్తుంది. కానీ అది ఖాళీ అయ్యాక నింపించుకోవడం ఎక్కడ? శ్వాస పరికరాల సిలిండర్లు నింపేవాళ్ళ కోసం నేను విచారిస్తే దారి హైదరాబాద్ దాకా పోయింది. రెండు వందల కిలోమీటర్లకు పైన. నిండు సిలిండర్‌ని కారులో పెట్టుకుని హైవే మీద ఎండలో రావడం నాకు ఇష్టం లేదు. పైగా దానికి గడువు ప్రకారం హైడ్రో టెస్ట్ (నీళ్ళతో ఒత్తిడి పెట్టి సిలిండర్ గట్టితనం చూసే పరీక్ష) చేయించాలి, ముద్ర చూపించాలి. ఒక అకాడమీకి అయితే ఇది సరైన ఏర్పాటు. ఒక్క రైఫిల్ ఉన్న ఇంటికి ఇంత అవసరం లేదు.

ఈ వెతుకులాటలోనే ఒక మాట విన్నాను. ఇది చదివేవాళ్ళు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. తెలిసినాయన ఒకరు, "వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది కదా మేడమ్, దాంట్లోంచి ఎక్కించేద్దాం" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ అంత ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి సిలిండర్ లోపలి గ్రీజో నూనెచుక్కో తగిలితే చాలు, అంటుకుని పేలుతుంది. ఎయిర్ రైఫిల్‌లో పోయాల్సింది పొడి గాలి మాత్రమే. పంపు రబ్బరు రింగులకి కూడా కుట్టుమిషన్ నూనె, వంటనూనె లాంటివి రాయకూడదు. తయారీదారు చెప్పిన సిలికాన్ గ్రీజు తప్ప ఇంకేదీ వద్దు.

కంప్రెసర్ మా ఆయన ముచ్చట. స్విచ్ వేస్తే చాలు కదా అని. చిన్న కంప్రెసర్లు వేడెక్కుతాయి, మధ్యమధ్య ఆపి చల్లార్చాలి. సీళ్ళు అరిగితే వాటి విడిభాగాలు దొరకాలి, విప్పి బిగించే మనిషి దొరకాలి. మా ఊళ్ళో ఫ్రిజ్ మెకానిక్కులు, ఏసీ మెకానిక్కులు ఉన్నారు గానీ 200 బార్ల మిషన్ విప్పమంటే జంకుతారు. అది న్యాయమే.

అప్పుడే అమెరికాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. వాడు టెక్సస్‌లో లైసెన్సు ఉన్న రేంజికి పోయి కాలుస్తాడు, కాల్చిన తూటాల ఖాళీ గొట్టాల్ని ప్రెస్ అనే యంత్రంతో ఇంట్లో తనే మళ్ళీ నింపుకుంటాడు, దాన్నే రీలోడ్ అంటారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం నేరం, కాబట్టి ఆ పని మనకి అనుకరించేది కాదు. కానీ ప్రెస్ ఎంచుకోవడం గురించి వాడు చెప్పింది నాకు పనికొచ్చింది. "అక్కా, గంటకి వందలకొద్దీ చేసే ప్రోగ్రెసివ్ ప్రెస్‌లు ఉన్నాయి. నేను ఒకసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ కొన్నాను. ఒక్కో మెట్టూ నా చేతిమీదుగా పోతుంది, తేడా వస్తే అక్కడే తెలుస్తుంది. నీకు వారానికి ఎంత కావాలో ముందు అది లెక్క వెయ్యి" అన్నాడు.

లెక్క వేశాను. మా రైఫిల్ సిలిండర్ 0.2 లీటర్లు అనుకుందాం. వంద బార్ నుంచి రెండు వందలకు తీసుకెళ్ళాలంటే మామూలు గాలి ఇరవై లీటర్లు తోసెయ్యాలి. అంతే. 2018 నుంచి ఆడపిల్లలు కూడా పోటీలో 60 షాట్లే కాలుస్తున్నారు, అంతకుముందు 40 ఉండేవి. పాప ప్రాక్టీసు ఎంత జోరుగా సాగినా వారానికి కొన్నిసార్లు నింపితే సరిపోతుంది. రైఫిల్ లోపలి రెగ్యులేటర్ ప్రతి షాటుకీ వెళ్ళే గాలి ఒత్తిడిని ఒకే మట్టంలో ఉంచుతుంది కాబట్టి ప్రతిసారీ 200 నిండాల్సిన పనికూడా లేదు. కోచ్ సార్‌తో ఇది చెబితే, "మేడమ్, నేను చెబుదామనుకున్నదీ ఇదే. చెయ్యి పంపు తీసుకోండి, మంచిది తీసుకోండి, గాలి ఆరబెట్టే ఫిల్టర్‌తో తీసుకోండి" అన్నారు.

ఫిల్టర్ మీద ఆయన అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన భాగం కూడా ఇదే. ముప్పై డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. మన ఇరవై లీటర్లలో అది 0.6 గ్రాములు. గాలిని 200 రెట్లు నొక్కితే ఆ ఆవిరికి చోటుండదు, నీళ్ళై దిగిపోతుంది. ఒక్కసారికి కొన్ని చుక్కలే. ఏడాది పొడుగునా నింపుతూపోతే అవే చెంచాలకొద్దీ అవుతాయి. ఆ నీళ్ళు సిలిండర్ లోపల, రెగ్యులేటర్‌లో చేరితే తుప్పు పడుతుంది, పెల్లెట్ (రైఫిల్ కాల్చే చిన్న గుండు) వేగం ఒక్కో షాటుకి ఒక్కోలా ఉంటుంది. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. అక్కడ ఆ తేడాకి చోటు లేదు.

మన రాయలసీమ గాలి ఎండాకాలంలో పొడిగానే ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వానలు పడ్డప్పుడు మాత్రం మారుతుంది. అందుకని ఆ నెలల్లో ఫిల్టర్‌లోని సిలికా జెల్ గుళికలు రంగు మారగానే మార్చేస్తాం. తుంపర పడుతుంటే ఆరోజు పంపు ముట్టం.

పంపు మిద్దెమీద గదిలోనే ఉంటుంది. పాప రెండు కాళ్ళూ అడుగుపట్టీ మీద పెట్టి, నడుము వంచకుండా శరీరం బరువుతో కొడుతుంది. నేనూ కొడతాను. గబగబా కొట్టకూడదు, పైకి లాగాక ఒక క్షణం ఆగాలి, గాలి లోపలికి రావాలి కదా. గొట్టం వేడెక్కితే ఆపి కూర్చుంటాం. ముల్లు 180 దగ్గరికి వచ్చాక ఇంక ఎక్కించం. ముప్పై డిగ్రీల దగ్గర 200 బార్ నింపి, ఎండలో నిలిపిన కారులో 55 డిగ్రీలకి వేడెక్కనిస్తే ఒత్తిడి 216 దాకా పోతుంది. కర్నూలు మే నెలలో ఆ వేడి పెద్ద విషయం కాదు, కాబట్టి ఆ ఇరవై బార్ల ఖాళీ నాకు ధైర్యం. నింపడం అయ్యాక ముందు బ్లీడ్ స్క్రూ తిప్పి గొట్టంలోని గాలి వదలాలి, ఆ తర్వాతే విప్పాలి. మరచిపోకుండా ఆ వరసను కాగితం మీద రాసి గోడకి అంటించాం.

ఖర్చు విషయంలోనూ మూడింట్లో చెయ్యి పంపే తక్కువ పడింది. మిగిలిన డబ్బుతో పెల్లెట్లు కొన్నాం, ఇంకా గోడ ముందు పెల్లెట్లు తగిలి ఆగడానికి మందపాటి ఇనుపరేకుతో పెట్టె చేయించాం. పాప కాల్చేటప్పుడు మిద్దె తలుపుకి లోపలి గడియ వేస్తాం. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం గెలిచినప్పుడు మా బడిలో పిల్లలకి ఈ ఆట గురించి చెప్పాను. ఇప్పుడు అదే ఆట మా ఇంట్లో ఉంది.

కొనబోయేవాళ్ళు ఇంకొకటి చూసుకోండి. రైఫిల్ సిలిండర్ మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. అల్యూమినియం సిలిండర్లకి సాధారణంగా పదేళ్ళ గడువు పెడతారు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి రాకుండా చూసుకోవడం షూటర్ బాధ్యతేనని అంతర్జాతీయ నియమాలు చెబుతాయి, తనిఖీలో అడగవచ్చు కూడా. సెకండ్ హ్యాండ్ రైఫిల్ చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే ముందు ఆ తేదీ ఫోటో తీసి పంపమనండి. మేము రెండో సిలిండర్ కోసం చూస్తున్నాం. పాప అడిగే మొదటి ప్రశ్న ఇప్పుడు అదే.