పితకని ఆవుల ఇంట్లో బస

ఇంటి చుట్టూ ముప్పైకి పైగా ఆవులున్నాయి. ఒక్కదాన్నీ పితకరు. పొద్దున్న టీలోకి పాలు మాత్రం ఊళ్లో సూపర్‌మార్కెట్‌లో కొన్న డబ్బాలోంచి పోశారు.

పశువుల ఆసుపత్రిలో వెటర్నరీ అసిస్టెంట్‌గా గంట్యాడ, బొండపల్లి, గజపతినగరం మండలాల్లో తిరిగి తిరిగి రిటైరైన మనిషిని నేను. ఆవు కనిపిస్తే "పూటకెన్ని లీటర్లు?" అని అడక్కుండా ఉండలేను. ఐర్లాండ్‌లో ఆ రైతునీ అదే అడిగాను. ఆయన నావైపు వింతగా చూసి, "దూడకెంత కావాలో అంత" అన్నాడు.

మావాడు అక్కడ లిమరిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు, చూడాల్సినవి చూపిస్తానని హోటళ్లు వెతకడం మొదలుపెట్టాడు. కోటలూ మ్యూజియాలూ నాకెందుకురా, ఏదైనా పల్లెటూరు చూపించు అన్నాను. కోడలు వెతికి క్లేర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), బర్రెన్ అనే రాళ్లకొండల అంచున ఒక రైతు ఇంట్లో గదులు తీసుకుంది. అక్కడ వాటిని బీ అండ్ బీ అంటారు. పడక, పొద్దున్న టిఫిన్, అంతే. సొంత ఇంట్లోనే నాలుగు గదులు అతిథులకి వదిలేసి, మిగతా ఇంట్లో వాళ్లుంటారు. రిసెప్షన్, యూనిఫాం లాంటివేమీ లేవు. తలుపు తట్టగానే చేతులకి పిండి అంటుకుని ఉన్న ఇంటావిడ తీసింది. కూర్చోబెట్టి టీ, అప్పుడే ఓవెన్‌లోంచి తీసిన స్కోన్లు అనే బన్నుల్లాంటివి ఇచ్చాకే పేర్లు రాసుకుంది. గోడ మీద పిల్లల ఫొటోలు, ఏసుక్రీస్తు పటం, దాని కింద చిన్న ఎర్ర దీపం. సాయంత్రం ఆరింటికి టీవీలో వార్తలకి ముందు ఒక నిమిషం పాటు చర్చి గంటలు మోగాయి. మా ఆవిడకి ఆ గంటలు తెగ నచ్చాయి. వార్తలేమీ అర్థం కాలేదు గానీ మర్నాడు కూడా ఆరింటికి టీవీ ముందు చేరింది.

గది గురించి ఒక్కటే చెబుతాను. బాత్రూం గోడకి తెల్లటి పెట్టె, దానికి షవరు. ఎన్ని బటన్లు నొక్కినా, తిప్పినా చుక్క నీరు రాలేదు. ఒళ్లంతా సబ్బు పూసుకుని ఉన్నాను, చలి. మావాడిని కేకేస్తే వచ్చి, పైకప్పు నుంచి వేలాడుతున్న తాడు లాగాడు. పైన ఎర్ర లైటు వెలిగింది, షవరు బుస్సుమంది. తడి చేతులతో స్విచ్ ముట్టుకోకుండా అక్కడి బాత్రూముల్లో ఈ తాడు స్విచ్‌లు పెడతారట. పొడుగు తాడు, చివర ప్లాస్టిక్ గుండు. నేను దాన్ని కర్టెన్ తాడు అనుకున్నాను.

టిఫిన్ ఎన్ని గంటలకి కావాలో, ఏం తింటారో ముందు రోజు రాత్రే అడుగుతుంది ఆవిడ. గొడ్డుమాంసం, పందిమాంసం తినం, గుడ్లు పర్వాలేదు అని మావాడు చెప్పాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు, మాకోసం వేరే పెనం తీసింది. పక్క టేబుల్‌లో ఉన్న జర్మన్ జంటకి మాత్రం పూర్తి ఐరిష్ టిఫిన్ వచ్చింది: పంది మాంసం పలుచని ముక్కలు, సాసేజ్‌లు, గుడ్లు, కాల్చిన టమాటా, పుట్టగొడుగులు, వాటితో పాటు నల్ల పుడ్డింగు. పుడ్డింగు అంటే తియ్యగా ఉంటుందని చెయ్యి చాపకండి. పంది నెత్తురు, ఓట్స్ కలిపి కూరి చేసిన సాసేజ్ అది. తెల్ల పుడ్డింగు కూడా ఉంటుంది, అందులో నెత్తురుండదు, మాంసం ఉంటుంది. రెండూ మాకు పనికిరానివే.

మాకు పనికొచ్చింది రొట్టె. ముతక గోధుమపిండిలో ఉప్పు, వంటసోడా కలిపి, మజ్జిగ పోసి, ఎక్కువ పిసక్కుండా ముద్ద చేసి, పైన కత్తితో ప్లస్ గుర్తులా గాటు పెట్టి ఓవెన్‌లో పెడుతుంది. ఈస్టు లేదు, రాత్రంతా నానబెట్టడం లేదు. మజ్జిగలోని పులుపు తగలగానే సోడా పొంగుతుంది, ఆ పొంగు చల్లారేలోపు ఓవెన్‌లోకి పోవాలి. అందుకే చేతులు అంత గబగబా ఆడతాయి. మా ఆవిడ వంటగదిలోకి దూరి పక్కన నిలబడి చూసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా చేత్తో చూపించుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు. మేం తీసుకెళ్లిన పలాస జీడిపప్పు ఇస్తే ఆవిడ అప్పుడే నాలుగు పలుకులు నోట్లో వేసుకుని, మిగతాది ఇంటాయనకి కనబడకుండా పై అరలో పెట్టింది.

ఇంటాయన దగ్గరే నాకు పొద్దుపోయింది. జూన్ నెల, రాత్రి పదింటిదాకా వెలుతురు. ఆయన యాస నాకు సగం, నా ఇంగ్లీషు ఆయనకి సగం. మావాడు మధ్యలో దుబాసీ. పశువుల దగ్గరికొచ్చేసరికి వాడికే మాటలు దొరకలేదు, మేమిద్దరం సైగలతో కానిచ్చేశాం.

లిమూజిన్, షారొలే జాతుల సంకరం ఆవులు. ఒక్కో ఆవు వెనక ఒక దూడ. ఎనిమిది తొమ్మిది నెలలదాకా దూడ తల్లి పాలన్నీ తాగుతుంది, తర్వాత వేలం వేసే సంతకి పోతుంది. పాడి వేరు, ఇది వేరు. దూడలకి కండ పట్టడం కోసమే ఈ మందలు. మన దగ్గర దూడకి ఒక చన్ను వదిలితే రైతుని మంచివాడంటాం. అక్కడి దూడల ఒంటి మీద నున్నదనం చూస్తే, ఇన్నాళ్లూ నేను చూసినవన్నీ కరువు దూడలేననిపించింది.

ప్రతి పశువుకీ రెండు చెవులకీ పసుపు ట్యాగులు, ఒకే నంబరు. పుట్టిన ఇరవై రోజుల్లోపు వెయ్యాలి. దూడ దూడకీ పాస్‌పోర్టు. మనకీ పన్నెండు అంకెల ట్యాగు ఉంది, ఎన్ని వందల చెవులకి నేను గుచ్చానో. కానీ అక్కడ ట్యాగు గుచ్చేటప్పుడే చెవిలోంచి అగ్గిపుల్ల తలంత ముక్క ఊడి ఒక చిన్న గొట్టంలో పడుతుంది. దాన్ని కవర్లో పెట్టి పోస్టులో ల్యాబుకి పంపుతారు. బీవీడీ అనే పశువుల రోగం వైరస్ ఉందో లేదో వాళ్లు చెబుతారు. 2013 నుంచి అందరూ చెయ్యాల్సిందే. ఆయన ఆ ట్యాగు పటకారు తెచ్చి నా చేతిలో పెట్టాడు. బరువు, పట్టు అచ్చం మనదే. నా బొటనవేలు దానంతటదే సరైన చోటికి పోయింది. ఆయన నవ్వాడు.

ఆయనకున్న టెన్షనల్లా క్షయ పరీక్ష. ఏడాదికోసారి డాక్టరు వచ్చి మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు కత్తిరించి, రెండు రకాల టీబీ మందు చర్మంలోకి ఎక్కించి, మూడో రోజు వచ్చి వాపు కొలుస్తాడు. ఒక్కదానికి తేలినా ఆ పశువుని కోతకి పంపుతారు, పరిహారం ఇస్తారు, మంద మొత్తానికి అమ్మకం బంద్. 1954 నుంచి ఈ కార్యక్రమం నడుస్తోంది, ఇంకా పోలేదు. బ్యాడ్జర్ అనే అడవి జంతువులో కూడా ఆ రోగం దాక్కుంటుంది కాబట్టి ఇప్పుడు వాటికీ టీకాలు వేస్తున్నారు.

పశువులకి ఇట్టే అంటుకునే గాలికుంటు రోగం మాటెత్తాక మాత్రం ఆయన ముఖం మారింది. మాకు మామూలే, ఏడాదికి రెండుసార్లు టీకా వేస్తాం అన్నాను. ఆయన ముందు నా ముఖం చూశాడు, తర్వాత నా బూట్లు చూశాడు. "ఇవే బూట్లతో ఇండియాలో తిరిగారా?" లేదు, లిమరిక్‌లో కొన్నవే అని మావాడు గబగబా చెప్పాడు. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు పాకినప్పుడు వీళ్ల దేశంలో బయటపడింది ఒకే ఒక్క చోట, లౌత్ కౌంటీలో గొర్రెల మందలో. దానికే దేశం స్తంభించింది. పొలాల గేట్ల దగ్గర మందు నీళ్లలో తడిపిన చాపలు పరిచారు. మార్చిలో జరగాల్సిన సెయింట్ పాట్రిక్ పండగ ఊరేగింపు డబ్లిన్‌లో మే నెలకి వాయిదా పడింది. ఒక్క మందకి! గాలికుంటు వచ్చిన ఊళ్లో మర్నాడు సంత జరగడం చూసిన వాణ్ణి నేను. ఏమీ మాట్లాడకుండా బూట్లు కుళాయి కింద పెట్టి కడిగాను.

ఆ దూడలు చివరికి ఎక్కడికి పోతాయని మా ఆవిడ అడిగింది. మావాడు "అమ్మేస్తారమ్మా" అని ఊరుకున్నాడు. రాత్రి గదిలో నన్ను గట్టిగా అడిగితే చెప్పేశాను. ఇంటావిడ మీద కోపం తెచ్చుకోలేదు, రొట్టె మానలేదు, కానీ ఆ కంచె వైపు మళ్లీ నడకకి రాలేదు. నేను వెళ్లాను. నా ఉద్యోగం నన్ను అలా చేసిందో ఏమో.

బర్రెన్ సంగతి చెప్పకపోతే అన్యాయం. ఎటు చూసినా బూడిదరంగు సున్నపురాయి పలకలు, వాటి పగుళ్లలో నీలం పూలు. ఎక్కడైనా ఎండాకాలం పశువుల్ని కొండెక్కించి చలికాలం కిందికి దింపుతారు. ఇక్కడ తిరగబడిన లెక్క. చలికాలమే కొండ మీదికి తోలుతారు. ఎండాకాలమంతా రాయి పీల్చుకున్న వేడి నెమ్మదిగా వదులుతుందట, నేల పొడిగా ఉంటుంది, పడుకోవడానికి బాగుంటుంది. వేసవిలో కొండని వదిలేస్తారు గనక ఆ పూలకి పూసే సందు దొరుకుతుంది.

పొలం నడిమధ్య ఒంటరి ముళ్లచెట్టు ఒకటి, హాథార్న్. ట్రాక్టరు దాని చుట్టూ తిరిగిపోతుంది, దుక్కి అడ్డమైనా సరే. నమ్ముతారా అని అడిగితే "నమ్మను, కానీ కొట్టను" అన్నాడు. అవి గంధర్వుల్లాంటి వాళ్ల చెట్లని వాళ్ల పెద్దల మాట. 1999లో ఇదే కౌంటీలో లటూన్ దగ్గర రోడ్డు పనికి ఇలాంటి చెట్టు అడ్డొస్తే, ఎడ్డీ లెనిహన్ అనే కథలు చెప్పే ఆయన పత్రికలకెక్కి పోరాడాడు, చెట్టుని తప్పించి రోడ్డు వేశారు. లిమరిక్ నుంచి మేం వచ్చింది ఆ రోడ్డు మీదే. మా విజయనగరంలో పైడితల్లమ్మ పూజారి కలలో కనిపించి సిరిమానుకి ఏ చింతచెట్టు కావాలో చెబుతుందని, ఆ చెట్టు కొట్టి తెచ్చి ఊరేగిస్తామని నేను చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "చెట్టు యజమానికి డబ్బులిస్తారా?" అని అడిగాడు. రైతు రైతే.

డబ్బుల మాటొచ్చింది కాబట్టి. ఇద్దరికి రాత్రికి 110 యూరోలు, అంటే మన లెక్కలో పదివేల పైమాటే. ఆ సొమ్ము ఇంటావిడ చేతికే వెళ్తుంది. దూడలు అమ్మితే ఏడాదికోసారి డబ్బు, గదుల డబ్బు వారం వారం. ఆయన బడి బస్సు నడుపుతాడు. ఆవులొక్కటే అయితే ఈపాటికి అమ్మేసి పోయేవాళ్లమని ఆవిడే చెప్పింది. చలికాలం గదులు మూసేస్తారు.

ఇదంతా రాయమన్నది మా మేనల్లుడు. శృంగవరపుకోట దాటాక అరకు రోడ్డులో వాళ్ల మామిడితోటలో ఫామ్‌స్టే పెడతానంటున్నాడు. ఆరు కాటేజీలు, ఈతకొలను, శనివారాలు డీజే అని ప్లాను గీయించాడు. అవేవీ వద్దురా, ఉన్న ఇంట్లో రెండు గదులు బాగుచెయ్యి, బాత్రూం ఎండుగా ఉండాలి, వేడినీళ్లు అడక్కుండా రావాలి, పొద్దున్న మీ అమ్మ ఇంట్లో ఏం చేస్తే అదే పెట్టు అన్నాను. "అలా అయితే ఎవడొస్తాడు మావయ్యా?" అన్నాడు. జర్మనీ నుంచి వచ్చారు కదరా ఆ ఇంటికి!

అసలు చిక్కు మా అక్కతో వచ్చింది. విషయం తెలిసి, "ఇంటికొచ్చినోలకి కూడెట్టి డబ్బులుచ్చుకుంతామేట్రా, సిగ్గు నేదా?" అని కొడుకునీ నన్నూ కలిపి దులిపేసింది. ఐర్లాండ్ ఆవిడ గురించి చెప్పాను. ఆవిడకి ఊరు నవ్వదు, నాకు నవ్వుతుంది అంది. అదీ నిజమే. వారం నడిచిన పంచాయితీ తర్వాత ఒక మెట్టు దిగింది: గదికి తీసుకోండి, తిండికి మాత్రం పైసా తీసుకోవద్దు. మేనల్లుడు అమ్మ మాట కాదనలేదు. గది అద్దెలో టిఫిన్ ఖర్చు ఎంత కలపాలో లెక్క వేసి పంపమని నిన్న రాత్రి నాకు వాట్సాప్ పెట్టాడు.