అందుకునే పాట

గురువారం, రాత్రి 9 దాటింది

పొద్దున హన్మకొండలో పరకాల బస్సు ఎక్కేసరికే ముసురు పట్టింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, నిన్న రాత్రి ఫోన్‌లోకి దించుకున్న నాలుగు పాటలు మళ్ళీ మొదటి నుంచి విన్నాను. మనకు నచ్చిందా లేదా అని వినడం వేరు, నేను పాఠం చెప్పే తరగతిలో 38 మంది పిల్లల ముందు పెట్టొచ్చా అని వినడం వేరు. రెండో రకంగా వింటే ప్రతి మాట దగ్గరా ఆగాల్సి వస్తుంది. గూడెప్పాడ్ దాటేలోపు రెండు పాటలు తీసేశాను.

మొదటిది పిల్లలే అడిగిన ఫోక్ సాంగ్. బరాత్‌లలో డీజే మీద మోగీ మోగీ అందరికీ నోటికి వచ్చేసింది. దరువు నిజంగా బాగుంది, వింటుంటే నా కాలే కదిలింది. కానీ మూడో చరణంలో నల్లగా ఉన్న పిల్లను వెక్కిరించే మాట ఉంది. ఆ మాట వాళ్ళు బయట వందసార్లు విని ఉంటారు. అయినా తరగతిలో నేను పెడితే, దానికి బడి ముద్ర పడుతుంది. రెండో బెంచీలో కూర్చునే ఆ ఇద్దరమ్మాయిల మొహాలు గుర్తొచ్చి తీసేశాను.

రెండోది దుబాయికి పోయిన మనిషి ఇంటిని తలచుకునే పాట. నాకు చాలా ఇష్టం. మన ఉత్తర తెలంగాణలో ఇలాంటి పాటలు ఊరికే పుట్టలేదు, ఏ ఊరికి పోయినా గల్ఫ్‌కు వెళ్ళిన మనుషులు ఉంటారు. పోయినేడు ఇలాంటిదే ఒకటి తొమ్మిదో తరగతిలో పెట్టాను. సగంలో ఒక పిల్లవాడు బెంచీ మీద తల వాల్చేశాడు. నిద్ర అనుకున్నాను. పీరియడ్ అయిపోయాక పక్కవాడు చెప్పాడు: "వాళ్ళ నాయిన మస్కట్‌ల ఉన్నడు మేడం, మూడేండ్లాయె రాలే." ఆ రోజు నుంచి కొత్త పాట పెట్టే ముందు హాజరు పట్టీ ఒకసారి మనసులో చదువుకుంటాను. ఎనిమిదిలో కూడా అలాంటి పిల్ల ఒకతి ఉంది. పాట మంచిదే, కానీ ఆమె ఉన్న తరగతికి కాదు.

మూడేళ్ళుగా దీనికోసం ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏ పాట, ఎన్ని నిమిషాలు, ఏ పీరియడ్, పిల్లలు ఏం చేశారు, అంతే రాస్తాను. మొదట్లో నేర్చుకున్నవి చాలావరకు దెబ్బ తిని నేర్చుకున్నవే. రాతపని చేస్తున్నప్పుడు మాటలున్న పాట పెట్టకూడదు. ఒకసారి వ్యాసం రాయిస్తూ సన్నగా పాట పెడితే, ఒకడి నోట్‌బుక్‌లో పర్యావరణం గురించిన వాక్యం మధ్యలో పల్లవిలోని మాట వచ్చి కూర్చుంది. వాడి తప్పేం లేదు, చెవిలో పడే మాటలూ చేతిలో రాసే మాటలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే రాసేటప్పుడు వేణువో వీణో, అదీ పక్క తరగతికి వినపడనంత. చదివేటప్పుడు ఏదీ వద్దు. ఇంకొకటి, నెట్‌లోంచి నేరుగా పెట్టకూడదు. పాట మధ్యలో రమ్మీ ఆట ప్రకటన వచ్చి తరగతి అంతా గొల్లుమన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తే.

ఈ రోజు రాయాలని కూర్చున్నది మాత్రం వీటి గురించి కాదు.

ప్రార్థనలో 'జయ జయహే తెలంగాణ' పాడేటప్పుడు వెనక వరుసల్లో పెద్దబ్బాయిలు పెదవులు మాత్రమే కదిలిస్తారు. 2024లో అది రాష్ట్ర గీతం అయిన దగ్గర నుంచీ చూస్తున్నాను. మైకు దగ్గర నిలబడే అమ్మాయిలు బాగా పైకి ఎత్తుకుంటారు. ముందు వరుసల్లో ఆరు, ఏడు తరగతుల పిల్లలు వాళ్ళతో పాటు గట్టిగా పాడతారు, ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి సగం గొంతులు మాయమవుతాయి. ఆటలు నేర్పే పీఈటీ సార్ "గట్టిగ!" అని అరుస్తారు. నేనూ అది బద్ధకమే అనుకునేదాన్ని. పాట రాసిన అందెశ్రీ బడిలో చదువుకోలేదని, అలాంటి మనిషి పాట ఇవాళ అన్ని బళ్ళలో పాడుతున్నామని చెప్పి కూడా చూశాను. శ్రద్ధగా విన్నారు. మర్నాడు మళ్ళీ పెదవులే.

ఐదో పీరియడ్ ఎనిమిదో తరగతి. అన్నం తిన్నాక వచ్చే పీరియడ్, బయట వాన, కళ్ళు మూతలు పడుతున్నాయి. మిగిల్చిన రెండు పాటల్లో ఒకటి, వాన మీద ఒక లలిత గీతం, పెట్టాను. మాటల్లో వంక పెట్టడానికి లేదు. నాలుగు నిమిషాలు. రెండోసారికి అమ్మాయిలు అందుకున్నారు. అబ్బాయిలు దరువు వరకు బెంచీ మీద వేశారు గానీ, పాట దగ్గర నోరు విప్పలేదు.

కిటికీ పక్కన కూర్చునే ఒకడి మీద నా కన్ను ఆగింది. ఆరో తరగతిలో ప్రార్థన ఎత్తుకునేది వాడే. వాడి గొంతు కోసం నేను గేటు దగ్గర నుంచి నడక వేగం పెంచేదాన్ని. ఇప్పుడు తల దించుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. గంట కొట్టాక వరండాలో పక్కకు పిలిచి, పాట నచ్చలేదా అని అడిగాను.

"నచ్చింది మేడం."

"మరి పాడలేదేం?"

కాసేపు చెప్పలేదు. తర్వాత గోడ వైపు చూస్తూ, "గొంతు పల్గుతంది మేడం. అందరు నవ్వుతరు" అన్నాడు.

అది విన్నాక నాకు కాసేపు ఏమీ తోచలేదు. ఇన్నేళ్ళు ఈ వయసు పిల్లలతోనే ఉన్నాను. వాళ్ళ గొంతు మారుతుందని తెలియక కాదు. ఆ తెలిసిన సంగతిని నేను ఎంచే పాటతో ఎన్నడూ కలిపి చూడలేదు. స్టాఫ్‌రూమ్‌లో బయాలజీ మేడంను అడిగితే చక్కగా విప్పి చెప్పింది. ఈ వయసులో స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడుగవుతాయి, మందమవుతాయి. మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే సరిగమపదని ఒక చుట్టంత, కిందికి దిగుతుంది. ఆడపిల్లలదీ దిగుతుంది గానీ కొద్దిగానే. దిగేటప్పుడు నెలల తరబడి గొంతు చెప్పినట్టు వినదు, పై స్వరానికి పోతే ఉన్నట్టుండి చీలుతుంది. అంటే నేను పాటల్లో మాటల్ని చూసుకున్నాను, మనసుల్ని కాపాడాలని చూశాను, గొంతుల్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. పైన పాడే పాట పెట్టి, పాడలేదని నొచ్చుకున్నాను.

ఖాళీగా ఉన్న ఏడో పీరియడ్‌లో నోట్‌బుక్ తిరగేశాను. 'అబ్బాయిలు పాడలేదు' అని రాసుకున్న పాటలన్నీ మళ్ళీ సన్నగా విన్నాను. దాదాపు అన్నీ ఎత్తైన ఆడగొంతులో పాడినవో, చరణం చివర అమాంతం పైకి లేచేవో. ఫోన్‌లో శృతి దించి చూశాను, పాడినవాళ్ళ గొంతు ఎవరిదో అన్నట్టు బరువుగా వినిపించింది. అలా కుదరదు. నాలుగైదు స్వరాల మధ్యే తిరిగే పాట కావాలి, కింద ఎత్తుకుంటే కిందే సాగిపోయేది.

పోయిన వారం లంబాడీ తండా అమ్మాయి పాడిన తీజ్ పండుగ పాట గుర్తొచ్చింది. శ్రావణంలో తండాల్లో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. ఆ పాటలు చెప్పమంటే సిగ్గుపడి చివరికి ఒకటి పాడింది. 'యాడి' అంటే అమ్మ అని తప్ప మాకెవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా రెండో వరుసకే తరగతి మొత్తం అందుకుంది, అబ్బాయిలతో సహా. ఆ రోజు నోట్‌బుక్‌లో 'బాగా పాడారు' అని రాసి వదిలేశాను. ఎందుకు పాడగలిగారో ఆలోచించలేదు. ఆ పాట ఎక్కడా పైకి పోదు. ఒకరు అంటారు, అందరూ అంటారు, మళ్ళీ ఒకరు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే పాటల నడక కూడా అదే కదా.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులోంచి చూస్తే రెండు వైపులా నాట్లు. సంచులు గొడుగుల్లా కప్పుకుని వంగి నాటేస్తున్నారు. అమ్మ గుర్తొచ్చింది. మొగుళ్ళపల్లి మండలంలో మా ఊళ్ళోనే ఉంటుంది. వంట అయ్యాక ఫోన్ చేశాను.

"తిన్నవా బిడ్డా?"

"తింట గని అమ్మా, నువ్వు నాట్లప్పుడు పాడేటి పాట ఒకటి పాడవా? మా పిల్లలకు వినిపిస్త."

"గా పాటలు ఇప్పుడెవలు పాడుతున్నరు బిడ్డా? బీహారోళ్ళు వచ్చి గుత్తకు నాటేసి పోతున్నరు. యాదికుండాలె కదా" అంది. అని, కాసేపు ఊరుకుని, మెల్లగా ఎత్తుకుంది. నేను స్పీకర్‌లో పెట్టి ఇంట్లో ఉన్న ఇంకో ఫోన్‌లో రికార్డు చేశాను. అమ్మ గొంతు కిందే మొదలై కిందే నడిచింది. చిన్న చిన్న వరుసలు. ప్రతి వరుస తర్వాత కొంచెం ఆగుతుంది, పక్కన ఎవరో అందుకుంటున్నట్టు.

"ఎక్కడా పైకి ఎత్తవేంది అమ్మా?" అని అడిగాను.

"వంగి పాడాలె కదా బిడ్డా. పైకి వోతే ఊపిరాడది. ఒకామె అంటే కడమోళ్ళు అందుకుంటరు, అండ్లనే మనకు దమ్ము దొరుకుతది."

పొలంలో నడుము వంచి పాడేవాళ్ళకు ఏం కావాలో, గొంతు మారుతున్న నా పిల్లలకూ అదే కావాలి. ఆ సంగతి నాట్లేసిన అమ్మకు తెలుసు. నేను ఇవాళ తెలుసుకున్నాను.

రికార్డింగ్ మధ్యలో ఒకచోట కుక్క మొరిగింది, ఒకచోట అమ్మ దగ్గింది. అయినా కత్తిరించను. రేపు అమ్మ పాడిన ప్రతి వరుస తర్వాత ఆపి, పిల్లలకు వదిలేస్తాను. ఎవరికి ఎక్కడ అందితే అక్కడ ఎత్తుకుంటారు. కిటికీ పక్కవాడిని పాడమని పేరు పెట్టి పిలవకూడదు, అటు చూడను కూడా చూడకూడదు. మైకు అమ్మాయిలకు మాత్రం ప్రార్థనకు ముందే చెప్పాలి, రెండు మెట్లు కిందికి ఎత్తుకోమని.

ఇది రాస్తుండగానే అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "బిడ్డా, ఇంకో చరణం యాదికొచ్చింది. పొద్దుగాల్ల వరకు మర్చిపోత, ఇప్పుడే రాసుకో." రాసుకున్నాను. అందులో 'మునుం' అనే మాట రెండుసార్లు వచ్చింది, నాటేసేవాళ్ళు వరుసగా పట్టుకుని సాగే పని భాగం అది. పొలానికి పోయే ఇళ్ళ పిల్లలే సగం మంది, అయినా ఎంతమందికి తెలుసో చూడాలి. రేపు బోర్డు మీద ముందు ఆ మాటే రాస్తాను.