కాంజూర్ యానిమల్స్ తోడేళ్ళు: మాబ్ టేబుల్‌తో కూడా పని అవ్వలేదు

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (డైస్‌తో ఆడే కథల ఆట)లో జంతువుల గుంపుని రప్పించే కాంజూర్ యానిమల్స్ స్పెల్‌ని ఎలాగైనా దారిలో పెట్టాలని చూస్తున్నా. ఈసారి కుదిరిపోతుందనే గట్టిగా అనుకున్నా, కుదర్లేదు. మాబ్ టేబుల్ (గుంపులో ఎన్ని దెబ్బలు తగిలాయో డైస్ లేకుండా చెప్పే పట్టిక) పెట్టి ఆడితే టైమ్ సమస్య పూర్తిగా తీరిపోయింది కానీ డ్యామేజ్ మాత్రం ఇదివరకటికంటే అధ్వానంగా తయారైంది, నిన్నట్నుంచి లెక్కలు వేస్తూనే ఉన్నా.

మేం ఇంకా 2014 రూల్సే ఆడుతున్నాం. డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర) 5వ లెవెల్, ఆడేది మా పిన్ని కూతురు, కాంజూర్ యానిమల్స్ వేసిందంటే ఎనిమిది తోడేళ్ళే. ఏ జంతువులు రావాలో డీఎం (ఆట నడిపేవాళ్ళు, ఇక్కడ నేను) ఎంచుకోవచ్చు అని సేజ్ అడ్వైస్‌లో (రూల్స్ మీద అధికారిక జవాబులు) ఉంది, అది నాకూ తెలుసు, కానీ తోడేళ్ళ కోసమే డ్రూయిడ్ తీసుకున్న మనిషికి ఎనిమిది మేకల్ని ఇవ్వడం నా వల్ల కాదు.

అసలు గొడవ ఎక్కడంటే, తోడేలు కాటుకి డి20 (ఇరవై ముఖాల డైస్) మీద ప్లస్ 4, తగిలితే సగటున 7 డ్యామేజ్. ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15 మీద 11 పడాలి, ప్యాక్ టాక్టిక్స్‌తో (పక్కన తోటివాళ్ళుంటే వచ్చే లాభం) అడ్వాంటేజ్ (రెండు డి20లు వేసి పెద్దది తీసుకోవడం) ఉంటుంది కాబట్టి 75 శాతం తగుల్తాయి, క్రిట్‌లు (20 పడితే డ్యామేజ్ డైస్ రెట్టింపు) కూడా కలిపితే ఎనిమిదింటికీ రౌండుకి దాదాపు 46. అదే లెవెల్ ఫైర్‌బాల్ సగటు 28, అదీ ఒక్కసారే! పైగా 16 డి20లు, తగిలిన ప్రతి కాటుకీ రెండేసి డి4లు, పడిపోయిందా లేదా అని సేవ్‌లు (తప్పించుకోడానికి శత్రువు వేసే డైస్), ఇదంతా అయ్యేసరికి మిగతావాళ్ళు ఫోన్లు తీసేస్తారు.

అందుకని 2014 డీఎంజీలో (డీఎంల రూల్ పుస్తకం) ఉన్న మాబ్ టేబుల్ తీశా. డైస్ వెయ్యక్కర్లేదు, తగలాలంటే ఎంత పడాలో చూసుకోవడమే. 1 నుంచి 5 అయితే ప్రతి తోడేలూ తగుల్తుంది, 6 నుంచి 12 అయితే రెండింటికి ఒకటి, 13, 14 అయితే మూడింటికి ఒకటి. అడ్వాంటేజ్ గురించి టేబుల్‌లో ఏమీ లేదు, పాసివ్ చెక్‌లకి (డైస్ వెయ్యకుండా చూసుకునే స్కోర్లు) అడ్వాంటేజ్ ఉంటే 5 కలుపుతాం కదా, ఆ లెక్కనే ఇక్కడ పడాల్సిన నంబర్లోంచి 5 తీసేద్దాం అన్నా.

కొంప మునిగింది ఇక్కడే. నోల్ ప్యాక్ లార్డ్ (నోల్ రాక్షసుల నాయకుడు) ఏసీ 15, అంటే 11 పడాలి, 5 తీసేస్తే 6, అడ్వాంటేజ్ ఉన్నా లేకపోయినా అదే వరసలో ఉంది, నాలుగు కాట్లు, 28. తర్వాత గదిలో మినోటార్, ఏసీ 14, అంటే 10, 5 తీస్తే 5, పై వరసలోకి ఎక్కిపోయింది, ఎనిమిదికి ఎనిమిదీ తగిలాయి, 56. దాని హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) మొత్తం 76! డైస్‌తో వేస్తే ఏసీ 14 మీద 48 చిల్లర, 15 మీద 46, అంటే రెండు మూడు పాయింట్ల తేడా. టేబుల్‌లో మాత్రం 28 కాస్తా 56, రెట్టింపు. సేవ్‌లు కూడా అంతే, మినోటార్ బలం ప్లస్ 4, డీసీ (సేవ్‌కి అందుకోవాల్సిన అంకె) 11 మీద ఒక్కో సేవ్ తప్పే ఛాన్స్ 30 శాతమే, కానీ ఎనిమిది సార్లు వేయిస్తే ఒక్కటైనా తప్పే ఛాన్స్ 94 శాతం. టేబుల్ బదులు తగిలే ఛాన్స్‌నే నేరుగా పెడితే (75 శాతం, ఎనిమిదిలో ఆరు తగిలినట్టు) నునుపుగానే వస్తుంది గానీ అప్పటికీ 42, స్పెల్ మాత్రం బ్యాలెన్స్ అవ్వదు. నోల్ చుట్టూ ఎనిమిది గళ్ళూ తోడేళ్ళతోనే నిండిపోయాయి, ఫైటర్ "మామా, నాకు నిలబడ్డానికి గడి ఏదిరా" అన్నాడు, వాడన్నది కరెక్టే.

టాషా రూల్ పుస్తకంలో సమ్మన్ బీస్ట్ (ఒక్క జంతువునే రప్పించే స్పెల్) తీసుకోమని చాలామంది చెప్తారు. 3వ లెవెల్ స్లాట్‌తో ఒక్కటే దెబ్బ, ఏసీ 15 మీద రౌండుకి 10, 11 వస్తుంది, బ్యాలెన్స్ పరంగా చక్కటి స్పెల్, కానీ గుంపు ఏదీ? 2024 కాంజూర్ యానిమల్స్ అయితే కదిలే డ్యామేజ్ మండలం, తోడేలుకి పేరు పెట్టుకోలేం. పాత్‌ఫైండర్ 2లో (ఇలాంటిదే ఇంకో ఆట) ప్రతి టర్న్‌లో యాక్షన్ పెట్టి స్పెల్‌ని సస్టెయిన్ చెయ్యాలి, అంటే నిలబెట్టాలి, ఆ పద్ధతి నాకు ఇష్టమే, వచ్చే జంతువు మాత్రం మరీ బలహీనం.



ఇప్పుడు గుంపు మొత్తాన్ని ఒకే జీవిగా రాస్తున్నా. రెండుకి రెండు గళ్ళు, ఏసీ 13, హెచ్‌పీ 44. రెండు కాట్లు, ప్లస్ 4, అడ్వాంటేజ్ అలాగే, ఒక్కోటి 3డి4+3, ఏసీ 15 మీద రౌండుకి 17 వస్తుంది. 22కి దిగితే ఒక్క కాటే. రెండు కాట్లూ తగిలితేనే ఒక్క సేవ్, అది డ్రూయిడ్ స్పెల్ డీసీ మీద. ఏరియా స్పెల్స్ తగిలితే రెట్టింపు డ్యామేజ్, లేకపోతే ఫైర్‌బాల్‌కి ఎనిమిది తోడేళ్ళు బతికిపోతాయి, అది ఒప్పుకోను. రెట్టింపు సరిపోతుందా అన్నదే నా అనుమానం, సేవ్ అయితే ఫైర్‌బాల్‌లో సగం 14, దానికి రెండింతలు 28, ఇంకా 16 మిగుల్తుంది.

వచ్చే ఆదివారం అదే నోల్, అదే మినోటార్ మీద పెట్టి చూస్తా. ఇది నిలబడితే తర్వాత కాంజూర్ వుడ్‌ల్యాండ్ బీయింగ్స్ (అడవి మాయాజీవుల్ని రప్పించే స్పెల్), 7వ లెవెల్‌కి రాగానే ఎనిమిది పిక్సీలు వచ్చి పార్టీ మొత్తాన్ని పాలీమార్ఫ్ (రూపం మార్చే స్పెల్)తో జెయింట్ ఏప్‌లు చేసేస్తాయి, దానికి ఇప్పట్నుంచే ఏదో ఒకటి ఆలోచించాలి.