చివరి నుంచి రెండో ప్లేసు, ఆ మర్నాడు పోయిన పరువు

పోయిన వీకెండ్ శనివారం సెయిల్ బోటు రేసు, ఆదివారం అదే బోటులో షికారు. మనుషులు మాత్రం మా అన్న, నేను తప్ప వేరే. శనివారం ఏడు బోట్లలో ఆరో ప్లేసు వచ్చింది, అది మాకు మామూలే, పెద్ద బాధేం లేదు. అసలు పరువు పోయింది మాత్రం ఆదివారం, ఎవరితోనూ పోటీ లేని రోజు.

క్లబ్ రేసింగ్ అనగానే తెల్ల ప్యాంట్లు వేసుకున్న కోటీశ్వరుల వ్యవహారం అనుకుంటారు చాలామంది. మాది 28 అడుగుల పాత బోటు, సెయిల్స్, అంటే తెరచాపలు, కూడా పాతవే, అతుకులు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాం. ఐదుగురం ఎక్కుతాం, బోటు మాత్రం మా అన్న ఒక్కడిదే, మిగతా నలుగుర్నీ బరువుకి పనికొస్తారని ఎక్కించుకుంటాడు. జోక్ కాదు, నిజంగానే, గాలికి బోటు ఒక పక్కకి వాలిపోతుంటే మేమందరం రెండో పక్క అంచు మీదకెక్కి కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చోవాలి, నా పొట్టకి గౌరవం దొరికే చోటు ప్రపంచంలో అదొక్కటే.

నా పని జిబ్ షీట్లు చూసుకోవడం, జిబ్ అంటే ముందుండే సెయిల్. షీట్ అంటే దుప్పటి కాదు, సెయిల్ కూడా కాదు, సెయిల్‌ని లాగి సర్దే తాడు. బోటు మీద తాడుని తాడు అంటే వింతగా చూస్తారు, ఒక్కోదానికి ఒక్కో పేరు, సెయిల్‌ని పైకెత్తేది హాల్యార్డ్, సర్దేది షీట్. మొదటి రోజు అన్న "షీట్ వదులు" అంటే నేను హాల్యార్డ్ వదిలేశా, సెయిల్ మొత్తం జారొచ్చి ముందు నిలబడ్డవాడి మీద పడింది, వాడు ఇప్పటికీ నేను ఏ తాడు పట్టుకున్నా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు.

రేసులో సగం కథ స్టార్ట్ లోనే అయిపోతుంది. 5 నిమిషాలుందనగా హారన్ కొట్టి మా క్లాస్ జెండా, అంటే మా గుంపు బోట్ల జెండా ఎత్తుతారు, 4 నిమిషాలప్పుడు ఇంకో జెండా, మామూలుగా నీలం మీద తెల్ల చదరం ఉండేది, 1 నిమిషం ఉందనగా దాన్ని దించేస్తారు, సున్నాకి క్లాస్ జెండా కూడా కిందకి, అంతే పో. స్టార్ట్ లైన్ అని గీత ఏమీ ఉండదు, రేసు నడిపే కమిటీ బోటు మీద ఒక కర్ర, అటు చివర నీళ్ళ మీద తేలే గుర్తు, అదే బోయా, ఒకటి, మధ్యలో ఉన్నదంతా మన ఊహే. ఏడు బోట్లు, బ్రేకుల్లేవు, అందరూ సున్నా సెకనుకి అదే ఊహాగీత మీద ఉండాలి. తొందరపడి ముందే దాటితే తెలుపు మీద నీలం క్రాస్ ఉన్న జెండా లేస్తుంది, వెనక్కొచ్చి మళ్ళీ దాటాలి. మాకు ఆ బాధ ఎప్పుడూ లేదు, మేం ఎప్పుడూ లేటే.

శనివారం మాత్రం స్టార్ట్ బాగానే పడింది. ఆ తర్వాత నేను చెడగొట్టా.

గాలికి నేరుగా ఎదురు ఏ పడవా పోలేదు, సుమారు 45 డిగ్రీల పక్కగా పోతూ, మధ్యలో దిశ మార్చుకుంటూ, మెలికలు తిరుగుతూ ఎక్కాలి. అలా మార్చినప్పుడల్లా జిబ్ ఒక పక్క నుంచి రెండో పక్కకి వస్తుంది, పాత షీట్ వదిలి కొత్తది లాగాలి. లాగడానికి వించ్ ఉంటుంది, డ్రమ్ములా గుండ్రంగా, దాని చుట్టూ తాడు మూడు చుట్లు వేసి లాగుతాం. చుట్లు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చున్నంతసేపు ఏ గొడవా లేదు. కంగారులో కోణం తప్పు లాగితే ఒక చుట్టు ఇంకో చుట్టు మీదకెక్కి దాన్ని నొక్కేస్తుంది, ఇక లాగితే బిగుసుకుంటుంది, వదులుదామంటే వదలదు, గాలి సెయిల్‌ని ఎంత గుంజితే అంత గట్టిగా కరుచుకుని కూర్చుంటుంది. ఇంకో తాడు కట్టి, రెండో వించ్ తో లాగి, ఆ లోడు తీస్తే తప్ప రాదు. నేను సరిగ్గా అదే పనిలో తల దించుకుని తిప్పలు పడుతున్నా, జిబ్ చాటున ఎవరొస్తున్నారో వంగి చూడాల్సింది కూడా నేనే అన్న సంగతి మర్చిపోయా.

"స్టార్‌బోర్డ్!" అని కేక.

గాలి కుడిపక్క నుంచి తగిలే బోటుది స్టార్‌బోర్డ్ ట్యాక్, ఎడమపక్క నుంచి తగిలేది పోర్ట్ ట్యాక్, పోర్ట్ వాడే తప్పుకోవాలి, ఇందులో బేరాల్లేవు. మేం పోర్ట్. అవతలి వాళ్ళే గుద్దుకోకుండా తిప్పుకుని, "ప్రొటెస్ట్!" అని అరిచి ఎర్ర జెండా ఎత్తారు. తప్పు మాదే కాబట్టి వాదన లేకుండా శిక్ష తీసుకున్నాం, అంటే పక్కకి తప్పుకుని బోటుని ఒకే దిక్కులో రెండు పూర్తి గుండ్రాలు తిప్పడం, నీళ్ళ మీద ప్రదక్షిణలన్నమాట, అందరూ చూస్తుండగా. అన్న నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

నీళ్ళ మీద ఆఖరున వచ్చాం. కానీ క్లబ్ రేసుల్లో అన్ని బోట్లూ ఒకలాంటివి కావు కదా, అందుకని హ్యాండిక్యాప్ ఉంటుంది, అంటే బోటు వేగాన్ని బట్టి టైం సవరిస్తారు. మా దగ్గర మైలుకిన్ని సెకన్లు అని లెక్క, మా ముందొచ్చిన బోటు మాకంటే మైలుకి 30 సెకన్లు ఫాస్ట్ అని రేటింగ్, కోర్సు 5 నాటికల్ మైళ్ళు, అంటే వాళ్ళు మాకు రెండున్నర నిమిషాలు బాకీ. మేం వాళ్ళ వెనక రెండు నిమిషాలకే వచ్చాం. 30 సెకన్ల తేడాతో మేం ఆరు, వాళ్ళు ఏడు. రిజల్ట్స్ కాగితం అంటించాక ఆ బోటాయన మొహం చూడాలి, పాపం మూడుసార్లు కూడి చూసుకున్నాడు.

ఇక ఆదివారం. వదిన, వదిన తమ్ముడు, ఇంకా నా ఫ్రెండ్స్ ఇద్దరు, అన్న, నేను. శనివారం ఒరేయ్ తప్ప ఇంకో మాట రాని నోరు ఆదివారం "తమ్ముడూ, ఆ షీట్ కొంచెం వదులుతావా" అంటుంది, వదిన పక్కనుంది మరి. హార్బర్ ఛానల్ లో ఒక వారగా, ఎర్ర బోయాలూ పచ్చ బోయాలూ చూసుకుంటూ బయటికొచ్చాం. సెయిల్ బోటుకి మోటారు బోటు దారివ్వాలన్న మాట నిజమే గానీ ఇరుకు ఛానల్ లో అది నడవదు, అందులో తప్ప ఇంకెక్కడా పోలేని పెద్ద ఓడకి మనం అడ్డం రాకూడదు, అది పక్కకి తిరగలేదు, వెంటనే ఆగలేదు.

బయటికొచ్చాక గాలివాటంగా వదిలేశాం. అబ్బ ఏం హాయి. బోటు వాలదు, నీళ్ళు ఎగరవు, జాకెట్లు విప్పేసి అందరూ కాళ్ళు చాపుకున్నారు. నా ఫ్రెండొకడు "దీనికేనా రా నువ్వు ప్రతి సోమవారం అంత బిల్డప్ ఇస్తావు" అన్నాడు. నేను కూడా నవ్వా, బుద్ధిలేక.

గాలివాటంగా పోయేటప్పుడు మోసం ఏంటంటే, గాలి 16 నాట్లుంటే (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) మనం 6 నాట్లతో దానితోపాటే పోతున్నాం కాబట్టి మనకి తగిలేది 10 మాత్రమే. అలల నురగ కూడా సరిగ్గా కనపడదు, మనం చూసేది అలల వీపులు. అదే వెనక్కి తిరిగి 5 నాట్లతో ఎదురెక్కితే తగిలేది దాదాపు 20. వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఇదంతా మాకు తెలుసు, రేసులో అయితే మార్కు, అంటే మలుపు దగ్గరి బోయా, తిరగకముందే ఎవడో ఒకడు "గాలి పెరిగింది, మెయిన్ సెయిల్ తగ్గిద్దామా" అని అడుగుతాడు, ఆ అనుమానం వచ్చినప్పుడే రీఫ్ వేసేస్తాం, అంటే సెయిల్ కింద భాగం మడిచి కట్టేసి చిన్నది చేస్తాం. షికారులో అడిగేవాడు లేడు. అందరం కబుర్లలో ఉన్నాం.

తిప్పాం. అంతే, బోటు ఒక్కసారి పక్కకి పడుకుంది. టోపీలు రెండు పోయాయి, ఒక కూలింగ్ గ్లాస్ పోయింది, వదిన ఏమీ అనకుండా అన్న వైపు అలా చూస్తూ ఉంది, అరిచినా బావుండేది. అప్పుడు రీఫ్ వేయడం మొదలుపెట్టాం, సెయిల్ టపటపా కొట్టుకుంటూ, పక్కన చాతకాని నలుగుర్ని కూర్చోబెట్టుకుని, రెండు నిమిషాల పని పదిహేను నిమిషాలు పట్టింది. "తమ్ముడూ" ఎక్కడో గాలికి పోయింది, మళ్ళీ "ఒరేయ్" వచ్చేసింది.

అంతా అయిపోయి ఇంజిన్ మీద రేవులోకి వస్తే గాలి బోటుని గట్టు నుంచి దూరంగా తోస్తోంది. ముందు తాడు నేను పట్టుకున్నా, వెనక తాడు వదిన తమ్ముడికిచ్చి గట్టు మీద వాళ్ళకి విసరమన్నాం. బాగా విసిరాడు, చాలా దూరం విసిరాడు. మొత్తం తాడు విసిరాడు. రెండో చివర బోటుకి కట్టి ఉండాలని ఎవరం చెప్పలేదు. గట్టు మీద దాన్ని అందుకున్నది ఎవరనుకున్నారు, నిన్న 30 సెకన్లతో ఏడో ప్లేసుకి పోయిన ఆయన. ఆ తాడు చేత్తో పట్టుకుని, దాని చివర చూసి, మా బోటు చూసి, "ఇది నాకు బహుమతా?" అన్నాడు. తర్వాత ఆయనే ఇంకో తాడందుకుని లాగి కట్టిపెట్టాడు, మంచోడు.

బుధవారం ఆ బిల్డప్ అన్న ఫ్రెండ్ మెసేజ్ పెట్టాడు. శనివారం రేసులో బరువేమైనా తక్కువైతే చెప్పమన్నాడు, వాడు 92 కేజీలట. అన్నకి చెప్తే వెంటనే ఒప్పుకున్నాడు, పేరు కూడా అడగలేదు.