పోలీసు వేషంలో ఐస్-టీ

రాత్రి నిద్ర పట్టక 'లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్' అనే అమెరికన్ పోలీసు సీరియల్ పెట్టుకున్నాను. డిటెక్టివ్ ఫిన్ కనిపించగానే మా ఆవిడ "ఈయన భలే నిదానస్తుడు కదా" అంది. నవ్వాగలేదు నాకు.

ఆయన ఐస్-టీ. లాస్ ఏంజలస్ రాపర్. 1992లో తన మెటల్ బ్యాండ్ బాడీ కౌంట్‌తో పాడిన 'కాప్ కిల్లర్' మీద పోలీసు సంఘాలు భగ్గుమన్నాయి. అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ కూడా తిట్టిపోశాడు. గొడవ ముదిరి చివరికి ఆ పాటను ఆల్బమ్‌లోంచే తీసేశారు. తమాషా ఏంటంటే, అంతకు ముందు ఏడాదే 'న్యూ జాక్ సిటీ' సినిమాలో ఆయన వేసింది పోలీసు వేషమే! 2000లో ఈ సీరియల్‌లోకి వచ్చాడు, ఇరవై ఏళ్లు దాటినా అదే బ్యాడ్జీ. పాటా వదల్లేదు, 2021లో బాడీ కౌంట్‌కి గ్రామీ వచ్చింది.

రాపర్ సీరియళ్లలోకి వెళ్తే ఇక పనైపోయినట్టే అని హాస్టల్లో తెల్లవార్లూ వాదించినవాణ్ణి నేను. (అప్పట్లో నాకు అన్నీ తెలుసు మరి.)

ఇదంతా విని మా ఆవిడ "ఏదీ, ఓ పాట పెట్టు" అంది. అర నిమిషం ఓపిక పట్టి, "సీరియలే పెట్టు" అంది.